జేబులో చాకు ఉన్నంత మాత్రాన నేరస్థులు కారు

బ్రిటన్‌కు పిల్లలను చదువుకు పంపిన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇదీ: "బ్రిటన్‌లో జేబులో ఎంత చిన్న చాకు ఉన్నా నాలుగేళ్ల జైలు. అక్కడ కొందరు పాత ఇంగ్లిష్ మడత చాకులను సేకరిస్తూ, జేబులో వేసుకుని తిరుగుతుంటారు. అవి మనుషులను పొడవడానికి చేసిన ఆయుధాలు. వాటికి లాక్ కూడా ఉండదు కాబట్టి పట్టుకున్నవారి వేళ్లే తెగుతాయి. పైగా ఆ ఉక్కు వాళ్లది కాదు, మన దక్షిణాది పాత ఉక్కు అయిన ఊట్జ్ రహస్యాన్ని దొంగిలించి చేసుకున్నది. చాకులకు పేరుపడిన ఇంగ్లండ్ నగరం షెఫీల్డ్‌లో ఇప్పుడు అవి తయారే కావు, అమ్మేవన్నీ నకిలీలు. మీ ఇంట్లో తాతల నాటి షెఫీల్డ్ రోడ్జర్స్ కంపెనీ చాకు ఉంటే తళతళలాడేలా రుద్ది అమ్మండి, లక్షలు వస్తాయి."

దీన్ని పూర్తి అబద్ధమని కొట్టిపారేయగలిగితే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. ప్రతి వాక్యంలోనూ పిసరంత నిజం ఉంది, దాని చుట్టూ బోలెడు తప్పు అల్లుకుని ఉంది. యార్క్‌షైర్‌లో ఉద్యోగం చేస్తూ, షెఫీల్డ్ చాకు ఒకటి రోజూ జేబులో పెట్టుకుని తిరిగే నాకు ఈ సందేశం తెలిసినవారి నుంచే మళ్లీ మళ్లీ వస్తోంది. ఆ చాకులను చేసిన చేతుల మీద నాకు గౌరవం ఉంది. చట్టం తెలియక చిక్కుల్లో పడే మన విద్యార్థుల గురించి ఆందోళనా ఉంది. రెండింటి కోసమూ ఈ జవాబు.

"ఎంత చిన్న చాకు ఉన్నా నాలుగేళ్ల జైలు"

ఇంగ్లండ్, వేల్స్‌లలో బహిరంగ ప్రదేశంలో పదునైన వస్తువును వెంట ఉంచుకోవడాన్ని నేరంగా పరిగణించేది 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంలోని 139వ సెక్షన్. గరిష్ఠ శిక్ష నాలుగేళ్లు. సందేశం రాసినవారు ఇంతవరకే చదివి వదిలేసినట్టున్నారు. అదే సెక్షన్ మడత జేబు చాకును మినహాయించింది. పదును అంచు పొడవు 3 అంగుళాలకు, అంటే 7.62 సెంటీమీటర్లకు మించని మడత చాకు ఆ నేరం పరిధిలోకి రాదు. అది ఎందుకు దగ్గరుందో కారణం చూపే బాధ్యత కూడా ఆ సెక్షన్ కింద మీ మీద ఉండదు. స్కాట్లాండ్‌లో వేరే చట్టం ఉన్నా కొలత ఇదే.

ఈ మినహాయింపు చట్టంలో ఎవరూ గమనించక మిగిలిపోయిన కంత కాదు. వీధుల్లో కత్తులు తగ్గించాలని చట్టం తెస్తున్న పార్లమెంటే, తోటమాలి జేబులోనూ జాలరి సంచిలోనూ తరతరాలుగా ఉన్న వస్తువును కావాలని పక్కన పెట్టింది. పనిముట్టు ఏదో, ఆయుధం ఏదో వేరు చేయాలని చట్టం రాసినవారే ప్రయత్నించినప్పుడు, ఆ తేడాను చెరిపేసే సందేశాన్ని మనం పంచుకోవడం ఎందుకు?

అయితే ఇక్కడ నిజంగా భయపడాల్సిన విషయం ఒకటుంది. సందేశంలో అది లేదు. 'మడత చాకు' అంటే ఏమిటన్నది కోర్టులు తేల్చాయి. 1990లలో వచ్చిన తీర్పుల ప్రకారం, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెంటనే మూసేయగలిగేదే మడత చాకు. తెరవగానే బ్లేడు లాక్ అయిపోయి, మళ్లీ మూయాలంటే మీట నొక్కాల్సి వచ్చే చాకు ఈ మినహాయింపులోకి రాదు. దాని బ్లేడు 2 అంగుళాలే ఉన్నా సరే, బయట దగ్గర ఉంచుకోవడానికి న్యాయమైన కారణం చూపాలి. మన విద్యార్థులు పొరపాటు పడేది ఇక్కడే. క్యాంపింగ్‌కు పనికొస్తుందని ఆన్‌లైన్‌లో చిన్న లాక్ చాకు కొంటారు, బ్యాగులో పడేస్తారు, మరచిపోతారు. మరచిపోయాననడం ఒక్కటే న్యాయమైన కారణంగా నిలబడదు. సంప్రదాయ షెఫీల్డ్ చాకుకు లాక్ ఉండదు. చట్టం దాన్ని అనుమతిస్తున్నది అందువల్లే. లాక్ లేకపోవడం లోపమని చెబుతున్న సందేశం, చట్టానికి లోబడే చాకును తప్పుపట్టి లాక్ చాకు మేలన్న భావన కలిగిస్తోంది. ఒక విద్యార్థి దాన్ని నమ్మి నడుచుకుంటే జరిగే నష్టానికి ఎవరు పూచీ?

చిన్న మడత చాకుకైనా హద్దులున్నాయి. గాయపరిచే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుంటే 1953 నాటి నేర నివారణ చట్టం కింద ఏ వస్తువైనా ఆయుధమే అవుతుంది. ఆత్మరక్షణకు పెట్టుకున్నానని పోలీసులతో అనడమంటే ఆ ఉద్దేశాన్ని స్వయంగా ఒప్పుకోవడమే. బటన్ నొక్కితే విచ్చుకునే ఫ్లిక్ చాకుల అమ్మకంపై 1959 నుంచే నిషేధం ఉంది, 2021 నుంచి ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. కోర్టులకు, స్టేడియాలకు వెళ్లేటప్పుడు ఏ చాకునైనా ఇంట్లో పెట్టి వెళ్లాలి. విమాన ప్రయాణంలో చేతి సంచిలో కాకుండా చెక్ ఇన్ సామానులో పెట్టాలి. మన దేశంలో ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు ప్రసక్తి వచ్చేది 9 అంగుళాలకు మించిన పొడవో 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడ్ల విషయంలో. ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటికి అక్కడా మినహాయింపు ఉంది.

"పొడవడానికి చేసిన ఆయుధాలు, లాక్ లేదు కాబట్టి వేళ్లు తెగుతాయి"

ఈ రెండు ఆరోపణలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లాక్ లేనిది పొడిచే ఆయుధంగా పనికిరాదు. ఎందుకో తెలియాలంటే చాకును దగ్గరగా చూడాలి.

నా జేబులో ఉండేది లాంబ్స్‌ఫుట్ రకం. రెండు పలచని ఇత్తడి రేకుల మధ్య, వెన్ను పొడవునా, ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. రేకులకు బయటివైపు పిడి పలకలు ఉంటాయి, అవి కొమ్ముతోనో ఎముకతోనో కర్రతోనో చేసినవి. బ్లేడు తిరిగే చివరన లోహపు తొడుగు. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచేవి కొన్ని సన్నని చీలలు. ఎక్కడా స్క్రూ ఉండదు. బ్లేడు మొదలు భాగం పిడి లోపల ఉంటుంది, దానికి చదునైన ముఖాలు ఉంటాయి. బ్లేడును తెరవగానే ఆ చదును మీద స్ప్రింగు వచ్చి ఆనుతుంది. బ్లేడును తెరిచి ఉంచేది ఈ ఒత్తిడి ఒక్కటే. బ్లేడు వెన్ను మీద బలంగా నొక్కితే స్ప్రింగు లేస్తుంది, చాకు మూసుకుంటుంది. దీన్నే స్లిప్ జాయింట్ అంటారు.

ఇలాంటి చాకుతో దేన్నైనా పొడిస్తే బ్లేడు వెనక్కి మడుచుకుని పట్టుకున్నవారి వేళ్ల మీదికే రాగలదు. అందుకే పోట్లాటకు దిగేవారు దీన్ని ఎంచుకోరు. కోయడానికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది. ఆపిల్ కోసినా పురికొస తెంపినా ఒత్తిడి పదును అంచు మీద పడుతుంది, ఆ ఒత్తిడి బ్లేడును మూసే దిశలో కాకుండా తెరిచే దిశలోనే నెడుతుంది. చాకును మేకులా గుచ్చకుండా, గడ్డపారలా పెకలించకుండా వాడినన్నాళ్లూ లాక్ అవసరమే రాదు. వేళ్ల సంగతి ఆలోచించే కొన్ని రకాల్లో బ్లేడును సగంలో ఆపే ఏర్పాటు చేశారు. మూస్తున్నప్పుడు బ్లేడు పిడికి నిలువుగా వచ్చి టక్కున నిలుస్తుంది, అప్పుడు వేళ్లు సర్దుకుని మిగతా సగం మూయవచ్చు. పదును స్ప్రింగుకు తగిలి మొద్దుబారకుండా బ్లేడు మొదట్లో చిన్న బుడిపె కూడా ఉంటుంది. చాకును తెలిసినవారు దాన్ని ఠపీమని వదిలేయకుండా వేళ్లతో తోడిచ్చి మూస్తారు. ఆ బుడిపె అరిగే కొద్దీ పదును లోపల స్ప్రింగుకు తగలడం మొదలవుతుంది మరి.

ఇక ఆకారాలు. లాంబ్స్‌ఫుట్ వాదర గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, వెన్నే మొన వైపు వాలుతూ వస్తుంది. చదును సాన రాయి మీద ఎవరైనా పదును పెట్టుకోగలరు, పల్లెల్లో పనివాళ్లకు అది నచ్చింది అందుకే. షీప్స్‌ఫుట్‌కైతే మొన దాదాపు లేనట్టే. ఊగే ఓడ మీద తాళ్లు కోసేటప్పుడు కాలు జారినా పక్కవాడికి గుచ్చుకోకూడదని నావికులు దాన్ని కోరుకున్నారు. బ్రిటిష్ సైన్యం సిపాయిలకు ఇచ్చిన మడత చాకులోనూ ఆ మొండి మొన బ్లేడే ఉంది, తోడుగా డబ్బా తెరిచే కొక్కెం, తాడు ముడులు విప్పే దబ్బనం లాంటి పరికరం ఉన్నాయి. కొమ్మలు కత్తిరించడానికి లోపలికి వంగిన ప్రూనింగ్ చాకు, మొక్కలకు అంటు కట్టడానికి బెరడు లేపే పలుచటి నాలుక ఉన్న బడ్డింగ్ చాకు, ఈక కలాలను చెక్కడానికి వేలెడంత పెన్‌నైఫ్. వీటిలో ఏది ఎవరిని పొడవడానికి పుట్టింది?

బ్రిటన్‌లో కత్తిపోట్లకు పిల్లలు చనిపోతున్న మాట నిజం. ఆ కుటుంబాల దుఃఖాన్ని తేలిక చేసే మాట ఒక్కటి కూడా నేను అనను. కానీ ఆ దుఃఖానికి బాధ్యత ఎక్కడుందో కచ్చితంగా చెప్పడం మన ధర్మం. ఇంగ్లండ్, వేల్స్‌లలో పదునైన ఆయుధాలతో జరిగిన హత్యల అధికారిక లెక్కల్లో, ఏ రకమో గుర్తించిన వాటిలో ముందుండేది వంటింటి కత్తి. ప్రభుత్వం 2024లో నిషేధించినవి భయపెట్టేలా రంపపు పళ్లు, మొనలతో చేసిన జాంబీ తరహా కత్తులు, అదే తరహా మచ్చుకత్తులు. 2025లో నింజా ఖడ్గాలు. అటు చూడాల్సిన కళ్లను తాతగారి జేబులో పండ్లు కోసుకునే చాకు వైపు తిప్పితే ఏ తల్లికీ మేలు జరగదు.

సేకరించేవారిలో నేను ఎరిగినవారు తోటపని చేసేవారు, వడ్రంగులు, రిటైరైన టీచర్లు. వారి మాటల్లో ఎక్కువగా వినిపించేది చాకు నడక గురించి, చప్పుడు గురించి. తెరిచేటప్పుడు స్ప్రింగు మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో నడవాలి, చివర్లో టక్కుమని పలకాలి. మూసినప్పుడు స్ప్రింగు, ఇత్తడి రేకులు, పిడి పలకలు మూడూ ఒకే మట్టంలో ఉండాలి, వెన్ను మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా తగలకూడదు. ఇది పనితనాన్ని ప్రేమించేవారి గుణం. పోచంపల్లి చీరను తిరగేసి నేత చూసేవారిని మనం ఏమంటామో వీరినీ అదే అనాలి.

"ఆ ఉక్కు మన నుంచి దొంగిలించినది"

ఈ వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగక తప్పదు. మన ఉక్కు గొప్పతనం మీద నాకు ఎవరికీ తీసిపోనంత గర్వం ఉంది. ఆ గర్వం నిజం మీద నిలబడాలన్నదే నా పట్టుదల.

షెఫీల్డ్ చాకులకు పేరు తెచ్చిన మూస ఉక్కును, అంటే మట్టి పాత్రలో కరిగించి తీసే ఉక్కును, 1740లలో తయారు చేసింది బెంజమిన్ హంట్స్‌మన్. ఆయన డాంకాస్టర్‌లో గడియారాలు చేసేవాడు. అప్పటి ఉక్కు ఒకచోట మెత్తగా, మరోచోట గట్టిగా ఉండి గడియారం స్ప్రింగులకు కుదిరేది కాదు. స్వీడన్ ఇనుప కడ్డీలను బొగ్గుతో కలిపి రోజుల తరబడి కాల్చి చేసిన ఉక్కును ఆయన ముక్కలు చేసి మట్టి మూసల్లో వేసి, కోక్ బొగ్గు మంట మీద పూర్తిగా కరిగించాడు. అలా కరగడంతో ఉక్కు అంతా ఒకే తీరుగా వచ్చింది. మొదట్లో షెఫీల్డ్ చాకుల పనివాళ్లే అది మరీ గట్టిదని వద్దన్నారు. ఫ్రాన్స్ కొనడం మొదలయ్యాక వారూ దారికొచ్చారు. ఆ పని ఎలా సాగేదో చూడాలనుకుంటే షెఫీల్డ్‌లోని అబేడేల్ పారిశ్రామిక పల్లెలో మూస కొలిమిని చెక్కుచెదరకుండా కాపాడారు.

మన ఊట్జ్ మీద లండన్ శాస్త్రవేత్తలు గట్టిగా దృష్టి పెట్టింది 1790లలో, అంటే హంట్స్‌మన్ పని మొదలై అర్ధశతాబ్దం గడిచాక. బొంబాయి నుంచి వెళ్లిన ఊట్జ్ దిమ్మెలను జార్జ్ పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదిక ఇచ్చారు. ఆ పరీక్షల్లో భాగంగా జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఆ ఉక్కుతో ఒక పెన్‌నైఫ్ చేశాడు, దాని పదును తమ మేలైన ఉక్కుకు తీసిపోలేదని తేల్చారు. స్టోడార్ట్ ఊట్జ్ అభిమాని అయిపోయాడు. తర్వాత మైఖేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాల మీద ప్రయోగాలు చేశాడు, వాటిని పెద్ద ఎత్తున షెఫీల్డ్‌లో కరిగించి చూశారు. వీరెవరూ ఊట్జ్ ఎక్కడిదో దాచలేదు. భారతదేశపు ఉక్కు అని పేరు పెట్టి రాశారు, ప్రకటించారు. హంట్స్‌మన్ మన పద్ధతి తెలుసుకుని నకలు చేశాడనడానికి ఆధారం లేదు.

పద్ధతులు కూడా వేరు. దక్షిణ భారతంలో మన కమ్మరులు కొలిమి ఇనుమును చిన్న ముక్కలు చేసి, తంగేడు కట్టెతో కలిపి మట్టి మూసలో పెట్టి, పైన జిల్లేడు వంటి ఆకులు కప్పి, మూత మెత్తి కాల్చారని 19వ శతాబ్దంలో చూసినవారు రాశారు. కట్టె, ఆకులలోని కర్బనం ఇనుములోకి చేరి అదే మూసలో ఉక్కు తయారయ్యేది. షెఫీల్డ్‌లో కర్బనం ముందే ఎక్కిన ఉక్కును తెచ్చి కరిగించేవారు. ఊట్జ్‌లో కర్బనం ఎక్కువ, సుమారు ఒకటిన్నర శాతం. అందుకే మరీ ఎర్రగా కాల్చి కొడితే పగిలిపోతుంది. ఇంగ్లండ్ కమ్మరులు దాన్ని సాగగొట్టలేక చాలా అవస్థ పడ్డారు. రహస్యం దొంగిలించినవారికి ఆ అవస్థ ఎందుకు వస్తుంది?

మన నిజాలు ఈ కట్టుకథ కంటే ఎంతో గొప్పవి. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూస ఉక్కు తయారీని 1820లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ కళ్లారా చూసి రాశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పర్షియా వర్తకుడు అక్కడే ఉండి ఉక్కు కొనుక్కుంటున్న సంగతీ చెప్పాడు. హంట్స్‌మన్ తాతలు పుట్టకముందే దక్కన్‌లో మూసల్లో ఉక్కు తీశారు. ఆ కొలుములు ఎందుకు ఆరిపోయాయో తెలుసుకోవాలంటే ఓడల్లో దిగిన చౌక ఉక్కు గురించి, కట్టెబొగ్గుకు కరువైన అడవుల గురించి చదవాలి. పరాయి పాలన చేసిన నష్టం అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 'దొంగిలించారు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఆ అసలు చరిత్ర చదవాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

షెఫీల్డ్ చాకులో మన దేశం నుంచి నిజంగా వెళ్లిన భాగం పిడి. సాంబర్ దుప్పి ఏటా రాల్చే కొమ్ము లోపల గట్టిగా, బయట గరుకుగా ఉండి చేతిలో జారదు. భారత అడవుల నుంచి ఆ కొమ్ములు షెఫీల్డ్‌కు తరలిపోయాయి, గేదె కొమ్ములు కూడా. నల్లమలలో తిరిగే ఆ జంతువే ఇది. మన ప్రభుత్వం కొమ్ముల ఎగుమతి ఆపేశాక షెఫీల్డ్‌లో అసలైన సాంబర్ కొమ్ము పిడి అరుదైపోయింది.

"ఇప్పుడు తయారే కావు, అన్నీ నకిలీలు"

తయారవుతున్నాయి. ఎ. రైట్ అండ్ సన్ సంస్థ షెఫీల్డ్‌లో ఇప్పటికీ లాంబ్స్‌ఫుట్‌లు, షీప్స్‌ఫుట్‌లు చేస్తోంది. జోసెఫ్ రోడ్జర్స్, జార్జ్ వోస్టెన్‌హోమ్ అనే పాత కంపెనీల పేర్లు ఎగింటన్ సంస్థ చేతిలో ఉన్నాయి. తమ చిన్న షెడ్డులో ఒంటరిగా చాకులు చేసే పనివారూ కొందరున్నారు. షెఫీల్డ్‌లో అలాంటి స్వతంత్ర పనివారిని లిటిల్ మెస్టర్లు అంటారు. వారిలో స్టాన్ షా పేరు అందరికీ తెలిసినదే. 1941లో కుర్రాడిగా ఇబ్బర్‌సన్ కంపెనీలో చేరి, ఏడు దశాబ్దాలకు పైగా చాకులే చేశారు, ఎలిజబెత్ రాణికి కూడా చేసిచ్చారు. 2017లో బ్రిటిష్ ఎంపైర్ మెడల్ అందుకుని 2021లో కన్నుమూశారు. వందల కార్ఖానాలున్న ఊరిలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కించగలిగినన్నే మిగిలాయన్నది నిజం. కానీ ఆ మిగిలినవారిని లేరని ప్రచారం చేయడం వారి నోటి దగ్గర కూడు తీయడమే.

ఒకప్పటి వైభవం చూడాలంటే షెఫీల్డ్ కట్లర్స్ హాల్‌లో రోడ్జర్స్ సంస్థ 1851 లండన్ మహా ప్రదర్శన కోసం చేసిన 75 బ్లేడ్ల నార్‌ఫోక్ చాకు ఉంది. 1822లో అదే సంస్థ ఆ ఏడాది అంకెకు సరిగ్గా 1822 బ్లేడ్లతో మరొకటి చేసింది. నాకు మాత్రం ఆ ప్రదర్శన వస్తువుల కంటే, అరిగి సన్నబడిన ఒక పనివాడి చాకే ఎక్కువ చెబుతుంది. ఆ చాకులు చౌకగా అందరికీ అందడం వెనుక సాన పట్టేవారి ఊపిరితిత్తులు ఉన్నాయన్నది కూడా మరవకూడదు. తడి లేని రాయి మీద ఫోర్కులకు సాన పట్టినవారిలో రాతిధూళి పీల్చి ముప్పై ఏళ్లలోపే పోయినవారు ఎందరో 19వ శతాబ్దపు వైద్యులు నమోదు చేశారు.

నకిలీల సంగతి. నకిలీలు కొత్తగా పుట్టినవి కావు. ఇతర దేశాల సరుకు మీద షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని అక్కడివారు గగ్గోలు పెట్టడం కూడా 1887లో సరుకు ముద్రల చట్టం రావడానికి ఒక కారణం. అయితే నకిలీని పట్టుకునే ఆనవాళ్లు చాకులోనే ఉంటాయి. 1624లో ఏర్పడిన షెఫీల్డ్ చాకుల పనివారి సంఘం హాలమ్‌షైర్ కట్లర్స్ కంపెనీ పనివారి గుర్తులను నమోదు చేస్తూ వచ్చింది. బ్లేడు మొదట్లో రోడ్జర్స్ గుర్తయిన నక్షత్రం, మాల్టా శిలువ కొట్టి ఉంటాయి. వాటితోపాటు కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే అది విక్టోరియా రాణి కాలంనాటిది. 'ఇంగ్లండ్' అన్న మాట కూడా ఉంటే, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసిన తర్వాతిది అయ్యే అవకాశం ఎక్కువ.

ముద్ర ఒక్కటే చూసి నమ్మకూడదు. పిడి కొసలు అరిగి నున్నబడి, బ్లేడు మాత్రం నిన్న చేసినట్టు నిండుగా ఉంటే బ్లేడు మార్చారేమోనని అనుమానించాలి. చీల తలలు పిడి మట్టంలో కలిసిపోకుండా మెరుస్తూ పైకి కనిపిస్తే ఎవరో విప్పి మళ్లీ బిగించారు. ముద్ర అక్షరాల అంచులు లోతుగా కొట్టినట్టు కాకుండా యాసిడ్‌తో తిన్నట్టు పలచగా ఉంటే దాన్ని వదిలేయండి.

"తళతళలాడేలా రుద్ది అమ్మండి"

సందేశం మొత్తంలో తిరిగి బాగుచేయలేని నష్టం కలిగించే సలహా ఇదే. పాత కార్బన్ ఉక్కు బ్లేడు మీద పరుచుకునే బూడిద, నీలి ఛాయలు మురికి కాదు. పండ్లు కోసి, తుడిచి, మళ్లీ కోసి ఏళ్ల తరబడి ఏర్పడిన పలచని పొర అది, ఎర్ర తుప్పును కొంత అడ్డుకుంటుంది కూడా. పాలిషింగ్ చక్రం మీద పెట్టి రుద్దితే ఆ పొరతోపాటు ముద్ర అంచులు, గోరుతో లాగే గాడి కొసలు, సాన గీతలు అన్నీ అరిగిపోతాయి. సేకరించేవారు వెతికేది వాటినే. రుద్దిన చాకు ధర పడిపోతుందే గానీ పెరగదు. ఎర్ర తుప్పు ఉంటే నూనె రాసి ఒక రోజు నాననిచ్చి మెత్తటి ఇత్తడి ముక్కతో నెమ్మదిగా గీకాలి. కీలు బిగుసుకుపోతే అక్కడ చుక్క నూనె వేసి ఆగాలి, బలవంతంగా లాగితే స్ప్రింగు విరుగుతుంది. తోలు సంచిలో ఏళ్ల తరబడి పెట్టకండి, తోలులోని చెమ్మ, రసాయనాలు ఉక్కును తింటాయి. వాడిన ప్రతిసారీ తుడిచి ఆరబెడితే చాలు. తుప్పు పట్టని ఉక్కునే కోరేవారికి అదీ షెఫీల్డ్ ఇచ్చినదే: 1913లో హ్యారీ బ్రియర్లీ అక్కడే స్టెయిన్‌లెస్ ఉక్కు తీశారు. అయినా చాకుల అభిమానులు ఎక్కువమంది కార్బన్ ఉక్కునే వాడుతున్నారు. మామూలు రాయి మీద నాలుగుసార్లు తిప్పితే పదును తిరిగొస్తుందన్నది వారి అనుభవం, నాదీ అదే.

పెట్టెలో దాచిన పాత చాకుల్లో ఒకదాని పిడి సెల్యులాయిడ్ అయితే దాన్ని వెంటనే వేరు చేయండి. ఆ పదార్థం ముదిరినకొద్దీ ఆమ్ల వాయువు వదులుతుంది, పక్కనున్న మంచి చాకుల బ్లేడ్లు కూడా గుంటలు పడి పాడవుతాయి. ఇత్తడి రేకుల మీద పచ్చటి చిలుము, ఘాటైన వాసన దాని లక్షణాలు.

లక్షల మాటకొస్తే, మన ఇళ్లలో దొరికే రోడ్జర్స్ చాకులు ఎక్కువగా రోజువారీ వాడకానికి వేల సంఖ్యలో చేసినవే. అరుదైన రకం, వాడని స్థితి, అసలు పెట్టె, ఇవన్నీ కలిస్తేనే పెద్ద ధర. పిడి తెల్లగా ఉంటే అమ్మకానికి పెట్టకముందే అది ఏమిటో తేల్చుకోవాలి. భూతద్దంతో చూడండి. సన్నటి నల్లచుక్కలు, గీతలు కనిపిస్తే ఎముక. ఒకే దూరంలో అచ్చుపోసినట్టు సమాంతర గీతలుంటే సెల్యులాయిడ్. చివరి కోతలో వలలా ఒకదాన్నొకటి దాటే గీతలుంటే ఏనుగు దంతం. బ్రిటన్‌లో 2018 నాటి దంత చట్టం 2022 జూన్ నుంచి అమలులో ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఎంత పాతదైనా దంతాన్ని అమ్మడం, కొనడం నేరం, దంతపు పలకలున్న చాకు ఆ మినహాయింపుల్లో ఇమడడం కష్టం. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం అమ్మకాన్ని నిషేధించడమే కాదు, దంతపు వస్తువును ఇంట్లో ఉంచుకోవడానికే యాజమాన్య ధ్రువపత్రం అడుగుతుంది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ఆ సందేశం చెప్పినట్టు అమ్మకానికి పెట్టకండి. ముందు జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి వెళ్లి అడగండి.